పద్నాలుగో నంబరు జెర్సీ

నాలుగింటికి వచ్చి కూర్చున్నాడాయన, ఇప్పుడు నాలుగూ ఐదయింది, ఈ ఐదు నిమిషాల్లోనే మూడుసార్లు లేవబోయాడు. లేచి వెళ్ళిపోతే మాత్రం ఆపేవాళ్ళెవరున్నారు గనక, కౌంటరు వెనకాల ఆ అమ్మాయి తప్ప? ఆ అమ్మాయికి ఈయనెవరో తెలియదు. "నాన్న క్లాసులో ఉన్నారండీ, ఐదింటికల్లా వచ్చేస్తారు, కూర్చోండి" అని బెంచీ చూపించింది, అంతటితో ఊరుకోక "నేర్చుకోవడానికా?" అని అడిగింది, ఈయనగారు కూడా ఏమాత్రం తడుముకోకుండా "ఆఁ, నేర్చుకోవడానికే" అనేశాడు. ముప్పై ఆరేళ్ళు పత్రికలో పనిచేసినవాడికి అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి! యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రేపటి నుంచి ఉద్యోగం లేని మనిషి, జన్మలో స్టీరింగు ముట్టుకోని మనిషి, కారు నడపడం నేర్చుకోవడానికి వచ్చాడట. ఆ పిల్ల నమ్మేసింది కూడా. "మంచిదే అంకుల్, ఈ వయసులో ఆ మాత్రం హుషారుండాలి" అని ఓ దరఖాస్తు ఫారం చేతిలో పెట్టింది. ఇప్పుడా ఫారం మోకాలి మీదుంది, మోకాలు ఊగుతోంది, దాంతోపాటు ఫారమూ ఊగుతోంది.

అసలు సంగతి జేబుల్లో ఉంది. చొక్కా జేబులో ఒక కాగితం, ప్యాంటు జేబులో ఇంకో కాగితం, రెండూ తన చివరి వ్యాసాలే. రేపటి పేపర్లో ఆటల పేజీ పైసగం ఈయనకి వదిలారు, ఇన్నేళ్ళలో ఒక్కసారి అంత జాగా ఇచ్చిన పాపాన పోలేదు, పోతున్నాడంటే ఇచ్చారు. ఆ పేజీ చూసే అమ్మాయి, ఒకప్పుడు తన పక్కన కూర్చుని స్కోర్లు రాయడం నేర్చుకున్న పిల్ల, పొద్దున్నే చెప్పేసింది, "సార్, ఏడింటికి పేజీ అచ్చుకి వెళ్ళిపోతుంది, ఎప్పట్లా నా ప్రాణం తియ్యకండి" అని. చొక్కా జేబులోది చక్కటి వీడ్కోలు, నాలుగు జోకులు, ఇద్దరు ముగ్గురు పెద్ద ఆటగాళ్ళ ముచ్చట్లు, చివర్లో అందరికీ దండం. ప్యాంటు జేబులోది సవరణ. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట తను రాసిన వార్త తప్పు, ఫుట్‌బాల్ ఫైనల్లో కప్పు పోగొట్టాడని తను పేరుపెట్టి రాసిన కుర్రాడు ఆ రోజు అసలు మైదానంలో అడుగే పెట్టలేదు, అని. ఆ కుర్రాడే ఇప్పుడీ డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఆయన రాగానే ఆ కాగితం చేతికిచ్చి, తను ఎవరో చెప్పి, రేపు వేస్తున్నానని చెప్పాలి. అదీ కాకపోతే ఇప్పుడే లేచి వెళ్ళిపోయి చొక్కా జేబులోది వేసేసుకోవాలి. ఇంతే, ఇందులో మూడో దారి లేదు, ఉంటే ఈ గంటలోపు కనిపెట్టాలి. ఎవరికీ చెప్పలేదు ఇక్కడికొస్తున్నట్టు, ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే భార్య వెళ్ళమనేది, అందుకే చెప్పలేదు.

రెండు రాసిపెట్టుకోవడం తనకేం కొత్త కాదు, అలవాటు. ఆట ఇంకా పది నిమిషాలుందనగానే రెండు ఇంట్రోలు, అదే వార్త ఎత్తుగడలు, సిద్ధం చేసుకునేవాడు, గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. ఎందుకంటే ఆట ముగిసేది ఏడున్నరకి, దూరపు ఊళ్ళకి పేపర్లు మోసే బండి బయల్దేరేది ఎనిమిదింటికి, ఆ అరగంటలో తీరిగ్గా ఆలోచించేవాడెవడు? ఒకసారి ఖర్మకాలి రెండూ పంపేస్తే డెస్కువాళ్ళు రెండూ అచ్చువేశారు, పైన గెలిచింది, కిందికొచ్చేసరికి అదే జట్టు ఓడిపోయింది, పాఠకుడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఉత్తరం ముక్క రాయలేదు. అప్పట్నుంచి భార్యకి అది మంచి ఆయుధమైపోయింది, "ఏమండీ, రాత్రి వంట సంగతి అడిగితే ఏ జవాబిస్తారు, గెలిచిందా ఓడిందా?" అని. ఆవిడ నోటికి తక్కువేం కాదు. కూతురు పుట్టిన రోజున ఈయన ఈత పోటీల దగ్గరున్నాడు, తడి చెప్పులతో ఆసుపత్రికి పరుగెత్తుకెళ్ళేసరికి ఆవిడ కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "ఎవరు గెలిచారు?" ఎత్తిపొడుపది. ఈయనకి అర్థం కాలేదు, పాపం, టైమింగులతో సహా చెప్పాడు. నర్సు నవ్వింది. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. ఇప్పటికీ కూతురు పుట్టిన సమయమెంతంటే తడుముకుంటాడు గానీ, ఆ రోజు వెల్లకిల ఈత వందమీటర్ల టైమింగ్ అడగండి, సెకనులో పదోవంతుతో సహా చెబుతాడు.

గోడమీద గడియారం నాలుగూ పదిహేను. గడియారం కింద రోడ్డు గుర్తుల పటం, త్రికోణాల్లో వంపులూ వంతెనలూ జారే రోడ్లూ, ఆ పక్కన లైసెన్సులు చేతబట్టుకుని నవ్వుతున్న జనం ఫోటోలు, వరసలు వరసలు, ముసలీ ముతకా అందరూ ఉన్నారు. ఈయన వాటిని ఒక్కొక్కటే వెతికాడు. ఒక్క జట్టు ఫోటో లేదు. ఒక కప్పు లేదు, పతకం లేదు, షోకేసులో ఓ పాత బంతి కూడా లేదు. ఆట ఆడిన మనిషి ఇంట్లోగానీ కొట్లోగానీ ఏదో ఒకటి కనిపిస్తుంది, తనకి తెలుసు, వేలమంది ఇళ్ళకి వెళ్ళాడు, ఎనభయ్యేళ్ళ మల్లయోధుడు కూడా మంచం కింద నుంచి తుప్పుపట్టిన ఓ పతకం తీసి ఉమ్మితో తుడిచి చూపిస్తాడు. ఇక్కడ ఏమీ లేదు. తుడిచిపెట్టినట్టుంది. ఛ, బహుశా ఇంట్లో ఉన్నాయేమో, దుకాణంలో ఎవరు పెట్టుకుంటారు? అలా అనుకున్నా కాలు ఊగడం ఆగలేదు.

"మీరూ కొత్తేనా అండీ?" అంది బెంచీకి ఆ చివర కూర్చున్నావిడ, చేతిసంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని, ఐదింటి క్లాసు ఆవిడది. కొత్తేనన్నాడు. "నాకంతా వచ్చేసిందండీ, ఒక్క హారన్ కొట్టడమే రావట్లేదు. మొహమాటం. ముందరున్నవాళ్ళు ఏమనుకుంటారో అనిపిస్తుంది. మాస్టారేమో, అమ్మా, వాళ్ళేమీ అనుకోరు, మీరు కొట్టకపోతే నేననుకుంటాను అంటారు." కౌంటరు దగ్గర అమ్మాయి నవ్వింది. "ఆయన చాలా ఓపిక మనిషండీ" అందావిడ, "ఒక్కమాట విసుక్కోరు. నేను మొన్న గేటుకి గుద్దేస్తే, గేటుదే తప్పు లెమ్మన్నారు." ఈయన కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఓపిక మనిషి. కోపిష్టి అయితే బాగుండేది, కాలరు పట్టుకుని రెండు తగిలించేవాడైతే ఎంత హాయిగా ఉండేది, తిట్లు తిని ఇంటికి పోవచ్చు.

ఫారంలో పేరు రాశాడు, వయసు రాశాడు, కళ్ళజోడు ఉందా అంటే ఉందని రాశాడు, తరవాతిది వృత్తి. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఏం రాయాలి? ఇవాళ ఏడింటిదాకా క్రీడా విలేకరి, ఆ తరవాత ఏమీ కాదు. నాన్నైతే దాన్ని వృత్తంటే ఒప్పుకునేవాడే కాదు. "ఆడి చెడిపోతావురా అని భయపడ్డాను గానీ, చూసి చెడిపోతావనుకోలేదు" అన్నాడు, ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు. నిజానికి ఆడనేలేదు, అరికాళ్ళు చదును, పరుగెత్తితే బాతు పరుగు, బళ్ళో జట్లు విడిపోయేటప్పుడు చివరికి మిగిలేవాడు, మిగిలిపోయి గీత పక్కన కూర్చుని ఎవరెన్ని కొట్టారో మట్టిలో పుల్లతో రాసేవాడు. ఆ రాత కోసం పెద్దపిల్లలు కూడా వచ్చి చుట్టూ మూగేవాళ్ళు, "నావెన్నిరా? నావెన్ని?" అని. అదీ మొదలు. ఆ మూగడమే ముప్పై ఆరేళ్ళూ నడిపించింది. బడి పోటీల ఫలితాలు చీమలంత అక్షరాల్లో వేస్తే పొద్దున్నే ఫోన్లు, మావాడి పేరుందా, మా అమ్మాయి మూడోస్థానం వేశారా, కత్తిరించి బీరువాలో దాచుకునే తల్లులు. అచ్చులో పేరంటే జనానికి ఎంత పిచ్చో తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అచ్చులో పేరు ఏం చెయ్యగలదో కూడా.

ప్యాంటు జేబులో కాగితం ఏం చెబుతుందంటే ఇలా చెబుతుంది. ఆ రోజు వాన. నగర లీగు ఫైనలు, జల్లుకి చుట్టూ ఏమీ కనిపించడం లేదు, పదకొండుమందీ బురదముద్దలు. ఓ పేటలోంచి వచ్చిన చిన్న క్లబ్బు, దాని కెప్టెన్ వెనకవరస ఆటగాడు, ఐదో నంబరు, అతన్ని "గోడ" అని పిలిచేవాళ్ళు, ఆ పేరు పెట్టింది కూడా తనే, ఓ ఆదివారం శీర్షికలో. మొదటి సగంలో ఎవడో లాగితే గోడ జెర్సీ భుజం నుంచి నడుము దాకా చిరిగిపోయింది. పేదక్లబ్బు, అదనపు జెర్సీలు లేవు. విరామంలో, అదనపు ఆటగాడిగా కూర్చున్న ఓ కుర్రాడి ఒంటిమీది పద్నాలుగో నంబరు జెర్సీ విప్పించి గోడకి తొడిగారు, చిన్న లీగు గనక రెఫరీ సరేనన్నాడు, ఎవరూ మైకులో చెప్పలేదు. చిట్టచివరి నిమిషంలో, గోలు లేకుండా ముగుస్తుందనుకుంటున్న ఆటలో, పద్నాలుగో నంబరు తొడుక్కున్న గోడ గోల్‌కీపర్‌కి వెనక్కి పాస్ ఇచ్చాడు, అది బురదలో ఆగిపోయింది, ఎదుటివాడు వచ్చి గోల్లోకి తోసేశాడు, కప్పు పోయింది. తన చేతిలో జాబితా ఉంది, జాబితాలో పద్నాలుగుకి ఎదురుగా ఓ పేరుంది, ఆ పేరు వేసేశాడు. కొత్తగా దిగిన కుర్రాడు కప్పుని బురదలో వదిలేశాడని రాశాడు. వానలో, బురదలో నంబరు చూసి మోసపోయానని, మన్నించమని, కాగితం అలా చెబుతుంది. బాగా రాశాడు. మూడుసార్లు తిరగరాశాడు.

మర్నాడు ఆ కుర్రాడు ఆఫీసుకొచ్చాడు, కోచ్ రాసిచ్చిన ఉత్తరం చొక్కాలోపల పెట్టుకుని, తడవకుండా. ఇరవై రెండేళ్ళుంటాయేమో. "సార్, నేను ఆడలేదు సార్, నేను అసలు దిగలేదు" అన్నాడు, అంతకన్నా ఏమీ అనలేదు, గొంతు కూడా పెంచలేదు. వచ్చేవారం రవాణా సంస్థ జట్టుకి ఎంపికలట, అందులో కుదిరితే ఆటతోపాటు ఉద్యోగం కూడా, జాబితాలో తన పేరుందట, ఎంపికచేసే పెద్దమనిషి పేపరు చూశాడట. చూద్దాం అన్నాడు తను. చూద్దాం! ఆ మాట ఎంతమందికి ఎన్నిసార్లు అన్నాడో, కానీ అది అనగానే ఆ కుర్రాడి మొహం విప్పారింది, దండం పెట్టాడు, మెట్లు గబగబా దిగిపోయాడు. లోపలికెళ్ళి డెస్కు పెద్దకి ఉత్తరం ఇస్తే, ఆయన పకోడీయో మరొకటో నములుతూ, "ఏమయ్యా, చిన్న క్లబ్బు, చిన్న కుర్రాడు. సవరణ వేస్తే ఎదుటి పేపరువాడు పండగ చేసుకుంటాడు. నాలుగురోజులు పోతే ఎవడికి గుర్తుంటుంది?" అన్నాడు. ఉత్తరం సొరుగులోకి పోయింది. తను రెట్టించలేదు. ఎంపికల్లో ఆ పెద్దమనిషి "ఓహో, కప్పు వదిలేసింది నువ్వేనా?" అని అందరిముందూ నవ్వాడని, ఆ కుర్రాడు మళ్ళీ మైదానానికి రాలేదని మూడు నెలల తరవాత ఎవరో చెప్పారు. ఉద్యోగం గోడకి వచ్చింది. గోడ గురించి తను ఆ తరవాత పదేళ్ళలో పన్నెండు వ్యాసాలు రాశాడు. పోయినప్పుడు నివాళి కూడా తనే రాశాడు, నాలుగేళ్ళయింది, అందులో కూడా ఆ వానరోజు ప్రస్తావన తీసుకురాకుండా జాగ్రత్తపడ్డాడు.

నాలుగూ నలభై. అబ్బ, ఈ ఫ్యాను ఎందుకింత చప్పుడు చేస్తుంది! లేచాడు, గుమ్మం దాకా వెళ్ళాడు, రోడ్డు చూశాడు. ఈ స్కూలు కారు తనకి బాగా తెలుసు, అందులో కూర్చునేదెవరో కూడా తెలుసు, పైన పసుపు బోర్డు, అచ్చు తాబేలు నడక. పదిహేనేళ్ళుగా ఎక్కడో ఓ చోట కనిపిస్తూనే ఉంది, సిగ్నలు దగ్గర పక్కన వచ్చి ఆగితే తను బస్సు కిటికీలోంచి అవతలివైపుకి తిరిగి, అవతల ఏమున్నా సరే, సిమెంటు బస్తాలున్నా సరే, వాటికేసి తదేకంగా చూసేవాడు. ఒకసారి పక్కనున్న భార్య, "ఏమిటండీ అంత దీక్షగా చూస్తున్నారు, ఆ బస్తాల్లో ఎవరైనా గెలిచారా?" అంది. ఆవిడకి అప్పుడు చెప్పాల్సింది. చెబితే ఆ క్షణమే బస్సు దింపి, ఆ కారు వెనకాల పరుగెత్తించేది. ఇప్పుడు మాత్రం ఎందుకొచ్చినట్టు? ఎవరి కోసం? ఆయనేమో హాయిగా బతుకుతున్నాడు, కూతురుంది, గేటుని గుద్దినా విసుక్కోని మనసుంది, తను పోయి మానిన పుండు గీకి, రేపటి పేపర్లో ఊరందరికీ గుర్తుచేసి, అదంతా ఆయన మేలుకా, తన నిద్రకా? చెప్పు, నిజం చెప్పు. వెళ్ళిపో. చొక్కా జేబులోది బాగుంది, జనం నవ్వుతారు, ఆఫీసులో చప్పట్లు కొడతారు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు కూడా. "అంకుల్, ఫారం!" అంది లోపల్నుంచి అమ్మాయి. ఫారం చేతిలోనే ఉండిపోయింది. ఎంత పిరికివాడైనా దరఖాస్తు ఎత్తుకుపోలేడు గదా, వెనక్కొచ్చి కూర్చున్నాడు.

కూర్చోగానే అదొచ్చింది, ఎక్కడ కూర్చున్నా చివరికి వచ్చేది అదే. ప్యాంటు జేబులో కాగితం కూడా నిజం కాదు. మూడుసార్లు తిరగరాసిన ఆ కాగితంలో ఒక్క వాక్యం లేదు, మూడుసార్లూ ఆ వాక్యం దగ్గరికి వెళ్ళి పక్కనుంచి తప్పుకున్నాడు. నంబరు చూసి మోసపోయానని రాశాడు. ఏ నంబరు చూశాడు? ఆ పాస్ తను చూడనేలేదు. మైదానంలో ఫోను ఒక్కటే ఉండేది, స్టాండు వెనకాల కాపలాదారు గదిలో, ఎవడు ముందు పట్టుకుంటే వాడిదే మొదటి ఎడిషను, ఎదుటి పేపరు విలేకరి పొడుగుకాళ్ళవాడు, ఎప్పుడూ గెలిచేవాడు. ఆ రోజు వాడికి అందకూడదని విరామంలోనే వెళ్ళి ఫోను పట్టుకుని కూర్చున్నాడు, లైను కలవడానికే రెండో సగంలో సగమైపోయింది, రిసీవరు కాపలాదారు చేతిలో పెట్టి ఓసారి వచ్చి పావుగంట నించుని, మైదానంలో పద్నాలుగు తిరుగుతుంటే జాబితా చూసుకుని మార్పు జరిగిందని రాసుకుని, మళ్ళీ పరుగెత్తాడు. ఆ ఆఖరి నిమిషంలో తను ఉన్నది ఆ గదిలో, కిరోసిను వాసనలో, రిసీవరు చెవిలో, గోల్స్ లేవు, సమానం అని చెబుతుండగా బయట కేక లేచింది. లైను వదలకండి అని చెప్పి గుమ్మంలోకొచ్చి, గొడుగేసుకుని ఏడుపుమొహంతో వస్తున్న ఒకణ్ణి పట్టుకుని ఎవడు, ఎవడిచ్చాడని అడిగితే, పద్నాలుగండీ, వెనక్కిచ్చాడు, బురదలో ఆగింది, అన్నాడు వాడు. అంతే. అంతే తనకి తెలిసింది. మళ్ళీ లోపలికెళ్ళి ఆ పాస్ ఎలా జరిగిందో మూడు వాక్యాల్లో చెప్పాడు ఫోన్లో, కళ్ళారా చూసినవాడు కూడా అంత బాగా చెప్పలేడు. అవతల రాసుకుంటున్నవాడు, భలే ఉంది గురూ అన్నాడు. మర్నాడు సవరణ కోసం రెట్టించనిది అందుకే, డెస్కు పెద్ద వద్దన్నందుకు కాదు. రెట్టిస్తే, నువ్వెక్కడున్నావయ్యా అని అడుగుతారు. చూడటమే పనిగా జీతం తీసుకునేవాడు చూడలేదని ఎలా చెబుతాడు? ఇవాళ కూడా వానని, బురదని అడ్డం పెట్టుకున్నాడు. క్షమాపణలో కూడా దొంగతనమే!

ఐదవలేదు, ఇంకా ఐదు నిమిషాలుండగానే కారు వచ్చి ఆగింది. పొట్టిగా, దిట్టంగా, తలమీద సగం జుట్టుతో మాస్టారు లోపలికొచ్చాడు, తాళాలు మేకుకి తగిలించాడు, కూతురిచ్చిన నీళ్ళు గడగడా తాగాడు. "నాన్నా, ఈ అంకుల్ నేర్చుకుంటారట, గంట నుంచి కూర్చున్నారు" అంది ఆ పిల్ల. "అయ్యో, గంటా!" అని మాస్టారు నొచ్చుకుని, ఫారం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, "వృత్తి రాయలేదే, ఏం చేస్తుంటారు?" అని తలెత్తాడు. ఈయన చెయ్యి తనంతట తనే పోయి ప్యాంటు జేబులో కాగితం తీసింది, ఇచ్చింది. "ఇది చదవండి" అన్నాడు.

మాస్టారు నించునే చదివాడు. నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదివాడు, ఒక చోట వెనక్కెళ్ళి మళ్ళీ చదివాడు. హారన్ మొహమాటం ఆవిడ లేచి నించుంటే, "ఐదు నిమిషాలమ్మా" అని చేత్తో సైగ చేశాడు. చదవడం అయ్యాక వచ్చి బెంచీ మీద పక్కనే కూర్చున్నాడు.

"మీరేనన్నమాట."

"నేనే."

"జుట్టు ఎక్కువుండేది మీకప్పుడు."

ఈయన తలూపాడు.

"ఇందులో ఒక తప్పుందండి," అన్నాడు మాస్టారు, కాగితం మీద వేలుపెట్టి. "నేను బెంచీ మీద కూర్చున్నానని రాశారు. బెంచీ మీద కూడా లేను. జెర్సీ లేకుండా ఒట్టి ఒంటితో వానలో ఎలా కూర్చుంటావురా అని కోచ్ బట్టలు మార్చుకునే గదిలోకి పంపించేశాడు. రెండో సగమంతా అక్కడే ఉన్నాను, తువ్వాలు కప్పుకుని. దానికి కిటికీ లేదు. చివర్లో పెద్ద కేక వినపడింది. మనవాళ్ళే కొట్టారనుకున్నాను సార్. ఒక్కణ్ణీ గంతులేశాను. ఆ పాస్ నేను చూడలేదు. మీరు రాసింది చదవడమే. మావాళ్ళని అడగలేదు, గోడన్న బాధపడతాడని. పోయేదాకా కూడా అడగలేదు. కళ్ళు మూసుకుంటే మీరు రాసినట్టే వస్తుంది, నేనే ఇస్తున్నట్టు. మీరు చూశారు గదా. అసలెలా జరిగింది సార్?"

చెప్పచ్చు. మూడు వాక్యాలు నాలుక చివరే ఉన్నాయి, ఇరవై ఎనిమిదేళ్ళయినా ఒక్క మాట అరగలేదు, జల్లు, బురద, తడబడిన అడుగు, అన్నీ. ఎంతోమంది అలా జరిగిందని నమ్మారు, తనే నమ్మిన రోజులున్నాయి. చెబితే ఈ మనిషికి కూడా కాస్త ఊరట. గోడ తడబడిన సంగతి వినాలని ఇన్నాళ్ళు ఆగిన మనిషికి ఆ ఒక్కటీ ఇవ్వలేనా? ఇస్తే ఏం పోతుంది? ఆయన తనకేసే చూస్తున్నాడు, ఓపిగ్గా, క్లచ్చు వదలడం రానివాళ్ళకేసి చూసినట్టు.

"నేను చూడలేదు," అన్నాడు.

మాస్టారికి అర్థం కాలేదు.

"చూడలేదు. ఫోను దగ్గరున్నాను. బయటికొస్తే ఎవరో చెప్పారు, పద్నాలుగు అని."

కౌంటరు మీద కూతురు రాస్తున్నది ఆపింది. సంచీ పట్టుకున్నావిడ గోడమీది గుర్తుల్ని చాలా శ్రద్ధగా చూస్తోంది.

"ఎడమకాలితో ఇచ్చాడని అప్పుడు రాశారే," అన్నాడు మాస్టారు. "చేతకాని ఎడమకాలితో, అని."

"రాశాను."

"అదెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాక్యం బాగుంటుందని."

మాస్టారు తన కాళ్ళకేసి చూసుకున్నాడు, చెప్పుల్లో ఉన్న మామూలు కాళ్ళు. కోపం రాలేదు. వస్తుందేమోనని ఈయన చూశాడు, రాలేదు, వచ్చినా బాగుండేది.

"నన్ను ఎప్పుడైనా చూశారా సార్, ఆడుతుంటే? ఆ రోజు కాదు. ఎప్పుడైనా?"

వెతికాడు. ఎక్కడెక్కడి స్కోర్లూ వచ్చాయి, వెల్లకిల ఈత వచ్చింది, మల్లయోధుడు వచ్చాడు, గోడ పదిసార్లు వచ్చాడు, వాలీబాల్ ఆడుతూ కాలు విరిగిన పంతులు కూడా వచ్చాడు. ఈ మనిషి రాలేదు.

"లేదు."

మాస్టారు ఊఁ కొట్టాడు. ఈయన కాగితం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, వానా బురదా ఉన్న నాలుగు వరసలూ కొట్టేసి, పక్కన రాశాడు: ఆ పాస్ నేను చూడలేదు, ఫోను దగ్గరున్నాను, ఎడమకాలు నేను కల్పించాను, ఆ కుర్రాడు ఆడగా నేనెప్పుడూ చూడలేదు. చూపించాడు. మాస్టారు చదివి తలూపి, లేచి, మేకు మీది తాళాలు అందుకున్నాడు. "రండమ్మా" అన్నాడు ఆవిడతో. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"బాగా ఆడేవాణ్ణి సార్."

ఈయన గబుక్కున పెన్ను కాగితం మీద పెట్టాడు.

"అది రాయకండి," అన్నాడు మాస్టారు. "మీరు చూడలేదు గదా."